చుక్కల మధ్య ఖాళీ

విశాఖపట్నం శివార్లలో కొండవాలున ఉన్న ఆ ప్రయోగశాలలో, కళ్ళజోడు పెట్టించుకున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అదే మాట చెప్పారు. మిణుగురు పురుగులు. బొబ్బిలి నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం “కాకరపువ్వొత్తి నుంచి రాలే రవ్వల్లా ఉన్నాయమ్మా” అన్నాడు. జీవితమంతా వాకిట్లో ముగ్గులు పెట్టిన ఒకావిడ, చుక్కలైతే కనిపిస్తున్నాయి గానీ కలపడానికి ఎటూ దారి దొరకడం లేదని వాపోయింది.

ఆఖర్న వింధ్యవాసిని వంతు వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని, తల కాసేపు అటూ ఇటూ తిప్పి, “పిల్లి” అంది.

గదిలో ఉన్నవాళ్ళందరూ ఆమె తల తిప్పిన వైపు చూశారు.

“గోడవారగా పోతోంది, తోకెత్తుకుని. లోకం చూసిన పిల్లే. ఎడమ చెవి కాస్త చిరిగింది.”

అక్కడ పాలకి మరిగిన పిల్లి ఒకటి నిజంగానే గోడవారగా పోతోంది. తోకెత్తుకునే పోతోంది. డాక్టర్ నఫీసా కుర్చీలోంచి లేచి వెళ్ళి దాన్ని ఎత్తుకుని చూసింది. రెండు చెవులూ నిక్షేపంలా ఉన్నాయి. ఆ సంగతి ఆవిడ పైకి అనలేదు. ఆ కళ్ళజోడు తయారీకి తలవెంట్రుకలు నెరిపించుకున్న మనిషి ఆవిడ. ఎవరి నోటనైనా ‘పిల్లి’ అన్న మాట వస్తే చాలునని ఏళ్ళ తరబడి కాచుకున్నవాళ్ళకి, దాని చెవి గురించి పట్టింపేముంటుంది?

కళ్ళజోడుకి చిన్న కెమెరా ఉంటుంది. అది చూసినదాన్ని, తల వెనక మెదడుకి ఆనించి పెట్టిన పల్చటి రేకుకి చేరవేస్తుంది. రేకు అక్కడక్కడా సన్నగా కరెంటు తగిలిస్తే, చూపు పోయినవాళ్ళకి చీకట్లో వెలుగు చుక్కలు లేస్తాయి. అడ్డంగా ఇరవై, నిలువుగా ఇరవై. అంతకు మించి పెడితే మెదడు ఓర్చుకోదు. నాలుగొందల చుక్కల్లో మనిషి మొహం పట్టదు, చెట్టు పట్టదు. పట్టదని నఫీసాకి తెలుసు. అయినా ఏదో ఒకనాటికి మెదడే అలవాటు పడుతుందని ఆవిడ ఆశ. అలవాటు పడిన మెదడు మొదటిసారి దొరికింది.

వింధ్యవాసినికి చూపు ఒక్కరోజులో పోలేదు. కాలేజీ రోజుల్లోనే రేచీకటి మొదలైంది. పగలు బాగానే కనిపించేది కాబట్టి పిల్లల పత్రికలకి బొమ్మలు వేసి పేరు తెచ్చుకుంది. వాళ్ళ కుటుంబంలో తరతరాలుగా మేనరికాలే. ఆమెనీ మేనత్త కొడుకు వేణుమాధవ్‌కే ఇచ్చారు. రక్తంలో వస్తున్న జబ్బన్నారు డాక్టర్లు. చూపు సొరంగంలా కుంచించుకుంటూ వచ్చి, కూతురు తన్మయిని బళ్ళో వేసిన ఏడాదే పూర్తిగా మూసుకుపోయింది. తన్మయికి ఇప్పుడు పదిహేనేళ్ళు. తల్లికి తెలిసిన తన్మయి మొహం మాత్రం ఐదేళ్ళ పిల్లది, ముందుపన్ను ఊడినది.

మెదడు ఫొటోలు తీశారు. మిగతావాళ్ళకి రేకు ఆనించిన చోట మాత్రమే చిన్న వెలుగు. వింధ్యకి ఆ చోటు నుంచి ముందుకీ పక్కలకీ, కరెంటొచ్చిన వీధిలో ఇంటింటికీ దీపాలు వెలిగినట్టు, వెలుగు పాకిపోతోంది. నఫీసా ఆ ఫొటోలు ముందేసుకుని రోజుల తరబడి ఆలోచించింది. ఆమె తిండి గురించి అడిగింది, చదువు గురించి అడిగింది, వేసిన బొమ్మల గురించి అడిగింది. బొమ్మలు వేసేవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు ఆ జట్టులో, ఆయనకీ మిణుగురులే.

“చిన్నప్పుడు మీరేం ఆడేవారు వింధ్యగారూ?” అని అడిగింది చివరికి, ఇంక అడగడానికేమీ మిగలక.

వింధ్య నవ్వింది. “అందరూ ఆడేవే. ఇంకా చెప్పాలంటే టీవీ గేము.”

విజయనగరంలో వాళ్ళ నాన్నకి రేడియోలూ టీవీలూ బాగుచేసే షాపుండేది. ఎవరో ఒకాయన టీవీ గేము పెట్టె ఒకటి రిపేరుకిచ్చి, బాగయ్యాక తీసుకెళ్ళడం మర్చిపోయాడు. వేసవి సెలవులు. నాన్న దాన్ని షాపులో ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించి, వింధ్యనీ తమ్ముడు మురారినీ దాని ముందు కూచోబెట్టాడు. క్యాసెట్టు మీద కాయితం చిరిగిపోయింది కాబట్టి ఆ ఆట పేరేమిటో వాళ్ళకి ఎప్పటికీ తెలియలేదు. ఒక మనిషి బావిలోంచి పైకెక్కాలి. అంతే ఆట. ఆ మనిషికి తల నాలుగు చుక్కలు, ఒళ్ళు ఆరు, కాళ్ళు రెండు. బావి అంటే రెండు నిలువు గీతలు. పైన గబ్బిలాలనేవి నిజానికి ఇంటూ గుర్తుల్లా ఉండేవి.

“వాడికి మీసాలున్నాయని మావాడు, లేవని నేను. నాలుగు చుక్కల మొహంలో మీసాలెక్కడ పెడతాం మేడం? కానీ కొట్టుకునేవాళ్ళం. బావిలో పాచి వాసన వేసేది నాకు. నిజంగా. వాడు జారితే నా మోకాలు చురుక్కుమనేది. పైన వాడికోసం ఒక ముసలమ్మ కూచుని ఉందని నేను చెప్పాను, ముసలమ్మ కాదు గుర్రం అని మురారి. పైదాకా ఎప్పుడూ ఎక్కలేదు మేము. కొంత ఎత్తు వెళ్ళేసరికి ఆట మళ్ళీ మొదటికొచ్చేది.”

“మరి ఆ పెట్టె?”

“బడులు తెరిచేలోగా పెట్టె తాలూకు ఆయన వచ్చి పట్టుకుపోయాడు. ఆ తర్వాత షాపు గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసుకుని ఆడుకున్నాం. బావి పైన ఏముందో గీయడం అప్పుడే మొదలుపెట్టాను. గీస్తూనే ఉండిపోయాను.”

నఫీసా ముందున్న ఫొటోల్ని పక్కకి జరిపింది. “అయితే మేం పెడుతున్నది చుక్కలేనన్న మాట” అంది. “ముగ్గు మీరే వేసుకుంటున్నారు.”

మర్నాడే జట్టులో ఉన్నవాళ్ళందరినీ పిలిచి అడిగింది. ముగ్గులావిడ ఆటలెరగదు. బొబ్బిలి పెద్దాయనా ఎరగడు. అనకాపల్లిలో ఒకప్పుడు వీడియో గేముల పార్లర్ నడిపిన నరసింగరావు అనే ఆయన మాత్రం, “ఈ మిణుగురులు ఒక్కోసారి కుక్కలా పరిగెడతాయి మేడం. చెబితే నవ్వుతారని ఊరుకున్నాను” అన్నాడు. ముగ్గులో చుక్కలు కదలవు. ఆటలో చుక్కలు పరిగెడతాయి, పడతాయి, చస్తాయి. చస్తాయని బాధపడిన పిల్లల మెదడే వాటికి ప్రాణం పోయడం నేర్చుకుంది. నఫీసా కట్టిన సిద్ధాంతం ఇంతే.

ప్రయోగశాలలో ఒక గది ఖాళీ చేయించారు. పాత సామాన్ల మార్కెట్లు గాలించి టీవీ గేము పెట్టెలు తెప్పించారు. వాటిలోని ఆటల్ని కెమెరా అవసరం లేకుండా నేరుగా రేకులోకి పంపే ఏర్పాటు చేశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నడివయసు ఇంజినీర్లు కూడా ఆ గదిలోకి నక్కి, క్యాసెట్టు తీసి, దాని మూతిలో ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టేవారు. ఊదితే పనిచేస్తుందనడానికి శాస్త్రమేమీ లేదని వాళ్ళకి తెలుసు. అయినా ఊదేవారు. ఆ చప్పుడు వినిపిస్తే వింధ్యకి నవ్వొచ్చేది. నరసింగరావు పార్లర్‌లో ఒకనాడు పిల్లల్ని కసిరినట్టే ఇంజినీర్లని కసిరేవాడు. ఏడాది తిరిగేసరికి ముగ్గులావిడకి కూడా తలుపూ కిటికీ తేడా తెలిసింది. పేపర్లవాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. వింధ్య మాత్రం అందరికన్నా చాలా ముందుంది. ఆమె తలుపులూ కిటికీలూ దాటిపోయి మొహాలు చూస్తోంది.

ఇంట్లో రోజూ రాత్రి భోజనాలయ్యాక తన్మయిని ఎదురుగా కుర్చీలో కూచోబెట్టుకునేది.

“నవ్వవే. ఆఁ. చూడు బావా, సొట్టబుగ్గ! అచ్చం మా అమ్మది.”

తన్మయికి సొట్టబుగ్గ లేదు. వేణుమాధవ్ కూతురి వైపు చూశాడు. తన్మయి వద్దన్నట్టు తలూపింది. “అవును, మీ అమ్మదే” అన్నాడతను. ఇంట్లో మనిషి ఇన్నేళ్ళకి నవ్వుతుంటే, సొట్ట ఉందో లేదో తేల్చవలసిన అవసరం ఎవరికుంది?

“కళ్ళు చూడు ఎలా మెరుస్తున్నాయో. నా కళ్ళు రాలేదు దీనికి, బతికిపోయింది” అనేది వింధ్య.

వేణుమాధవ్‌ది ఓడల మరమ్మతు కంపెనీలో స్టోర్సు ఉద్యోగం. పొద్దున వెళితే చీకటిపడ్డాకే రావడం. కాబట్టి సాయంత్రాలు ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళే ఉండేవారు. వింధ్య మళ్ళీ వంట మొదలుపెట్టింది. కూరలు తరిగింది. తన్మయి వరండాలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి చకచకా నడిచి వస్తుంటే కళ్ళారా చూసింది. నడకలో వాళ్ళ నాన్న ఠీవి ఉందనుకుంది.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇన్వర్టర్ పాడై బాగుచేయించలేదు. పొయ్యి మీద అన్నం ఉడికింది. కిటికీలోంచి ఇంకా కాస్త వెలుతురు వస్తూనే ఉంది. మామూలు మనిషి పని చేసుకోవడానికి చాలినంత వెలుతురు. వింధ్య కళ్ళజోడు కెమెరాకైతే అదీ అక్కర్లేదు.

“తనూ, గంజి వార్చేయవే. నా చేతులకి పిండి ఉంది.”

తన్మయి గుమ్మం దగ్గరే ఆగింది. “కరెంటొచ్చాక వారుస్తానమ్మా.”

“అప్పటిదాకా ఉంటే ముద్దయిపోతుంది. నాకు పట్టపగల్లా కనిపిస్తోంది, నేను చెప్తాను. రా.”

తన్మయి వచ్చింది. గుడ్డతో గిన్నె పట్టుకుంది. తల్లి చెబుతూ ఉంటే సింకు వైపు జరిగింది.

“ఇంకాస్త కుడికి. ఆఁ, చాలు. సరిగ్గా సింకు మీదే ఉంది. వంచు.”

తన్మయి వంచింది.

అరుపు వినపడింది. వింధ్య చూస్తూనే ఉంది. చుక్కల్లో ఆమెకి కనిపిస్తున్న తన్మయి సింకు ముందు నిలబడి, మూత వాలుగా పట్టుకుని, నింపాదిగా ఇంకా గంజి వారుస్తూనే ఉంది. అరుపు మాత్రం కింద నేల మీంచి వస్తోంది. ఆ రెండూ ఒకటేనని అర్థం కావడానికి వింధ్యకి కొంతసేపు పట్టింది. అప్పుడు కళ్ళజోడు లాగి అవతల పారేసి, నేల మీద చేతులతో తడుముకుంటూ కూతురి దగ్గరికి పాకింది. వేడి మెతుకులు అరచేతులకి అంటుకున్నాయి.

ఎడమ పాదం, మోకాలి కింద దాకా కాలింది. పైపొరే, మానిపోతుందన్నారు ఆసుపత్రిలో. కట్టు కట్టి పడుకోబెట్టారు. వేణుమాధవ్ డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చాడు.

“గిన్నె సింకు దాకా రాలేదని నీకు కనపడలేదా తల్లీ?” అన్నాడు. “మరీ అంత చీకటేం కాదు గదా అప్పటికి?”

వింధ్య మంచం పక్కన స్టూలు మీద కూచుని ఉంది. కళ్ళజోడు లేదు. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి ఆమె పూర్తిగా వింటోంది. కూతురు ఊపిరి బిగబట్టడం వినపడింది.

“తనూ” అంది నెమ్మదిగా. “ఎప్పటినుంచి?”

“పోయిన ఏడాది దసరా నుంచి.”

“సాయంత్రాలేనా?”

“సాయంత్రాలే. సినిమా హాల్లో కూడా. పగలు బానే ఉంటుందమ్మా.”

వేణుమాధవ్ గోడకి ఆనుకున్నాడు.

“నాకెందుకు చెప్పలేదే?” అంది వింధ్య. “ఈ జబ్బు సంగతి నాకన్నా ఎవరికి తెలుసు?”

“ఎప్పుడు చెప్పమంటావ్?” తన్మయి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “రోజూ నన్ను కూచోబెట్టి నా కళ్ళు ఎంత బావున్నాయో చెప్పేదానివి. అవి నీలా అవలేదని సంబరపడేదానివి. ఆ మాట మధ్యలో చెప్పాలా, అయ్యాక చెప్పాలా?”

చూపు లేని ఏళ్ళలో ఆ ఇంట్లో ఎవరి అడుగు ఏ గుమ్మం దగ్గర తడబడినా వింధ్యకి తెలిసేది. చెప్పుల చప్పుడు బట్టి మనసు బాగాలేదని కనిపెట్టేది. కళ్ళజోడొచ్చాక చెవుల్ని పక్కన పెట్టేసింది. సాయంత్రంపూట తన్మయి చెయ్యి గోడకి రాసుకుంటూ పోయే చప్పుడు ఏడాదిగా ఆ ఇంట్లో ఉంది. వింధ్య దాన్ని విన్నది కూడా. సున్నం రాలుతోందేమో, గోడలకి రంగు వేయించాలనుకుంది.

పరీక్షల్లో అనుమానమేమీ మిగల్లేదు. చూపు పూర్తిగా పోవడానికి పదేళ్ళు కావచ్చు, పదిహేను కావచ్చు అన్నారు. తన్మయి ఆ మాట విని, “అయితే డిగ్రీ దాకా పరవాలేదన్న మాట” అంది.

ఆ సాయంత్రం కెమెరా రేకులోకి పంపినదంతా ప్రయోగశాలలో భద్రంగా ఉంది. వింధ్య అడిగితేనే నఫీసా దాన్ని మళ్ళీ నడిపించింది. వేణుమాధవ్ తెర ముందు కూచున్నాడు.

నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు కదిలాయి. కొన్ని గుమిగూడాయి, కొన్ని విడిపోయాయి.

“ఇందులో మా అమ్మాయి ఎక్కడుందండీ?” అన్నాడు వేణుమాధవ్ కాసేపు చూసి.

నఫీసా వేలితో చూపించింది. ఇది చెయ్యి కావచ్చు. ఈ అడ్డగీత సింకు అంచు. చేతికీ అంచుకీ మధ్య రెండు గళ్ళు ఖాళీ ఉంది. రెండు గళ్ళంటే బెత్తెడు.

“నాకు ఖాళీ కనపడలేదు” అంది వింధ్య.

“కనపడదు. మీ మెదడు ఖాళీ ఉంచదు కదా. గిన్నె సింకు మీద ఉండాలి కాబట్టి ఉంచేసింది.” నఫీసా తెర ఆపేసింది. “అమ్మాయి బాగా నడవాలి కాబట్టి నడిపించింది.”

“మరి దీనికి మందు లేదా?” అంది వింధ్య.

ఉంది. ఇంజినీర్లు దానికి కళ్ళెం అని పేరు పెట్టుకున్నారు. రేకు లోపలి వైపు నుంచి, వెలుగు పాకిపోయే దారుల మీద సన్నటి ఎదురు కరెంటు పంపుతారు. నెలల తరబడి పంపితే మెదడు పూడ్చుకోవడం మానేస్తుంది. చుక్కలు చుక్కల్లాగే కనిపిస్తాయి. ఖాళీ ఖాళీలాగే ఉంటుంది. కానీ నఫీసా దాన్ని ఎవరికీ వెయ్యలేదు. వెయ్యడం ఆవిడకి ఇష్టం లేదు.

“ఆ దారులు చూపుకోసమే ఉన్నవి కావు వింధ్యగారూ. కళ్ళు మూసుకుంటే ఏదైనా మనసులో కనిపిస్తుందే, అదీ ఆ దారినే. అదంతా పోవచ్చు. తర్వాత కళ్ళెం తీసేసినా తిరిగొస్తుందని మాట ఇవ్వలేను. ఇంకొకటి కూడా దాచకుండా చెప్తాను. ఈ ప్రాజెక్టు నిలబడి ఉన్నది మీ ఫలితాల మీద. మీకు కళ్ళెం వేస్తే నా చేతిలో మిగిలేది తలుపులూ కిటికీలూ.”

“బొమ్మలు పోతాయా?” అన్నాడు వేణుమాధవ్. “అంటే, తనూ చిన్నప్పటి మొహం... అదీ పోతుందా?”

“పోవచ్చు.”

అతను భార్య వైపు తిరిగాడు. “వద్దు వింధ్యా. ఇన్నేళ్ళకి చూపొచ్చింది. ఒక్కసారి పొరపాటు జరిగిందని వదులుకుంటావా? ఇకమీదట జాగ్రత్తగా ఉందాం.”

“ఏది నిజమో ఏది నేనేసుకున్నదో నాకే తెలియనప్పుడు ఎలా జాగ్రత్తపడను బావా? దానికి సొట్టబుగ్గ ఉందా?”

వేణుమాధవ్ నేల వైపు చూశాడు.

“చెప్పు.”

“లేదు.”

“ఇప్పుడు దానికి నేను చక్కగా బొమ్మలు చూసే అమ్మని కానక్కర్లేదు” అంది వింధ్య. “గడపెక్కడుందో, అంచెక్కడుందో ఉన్నదున్నట్టు చూసే అమ్మ కావాలి. వెయ్యండి మేడం.”

మార్పు నెమ్మదిగా వచ్చింది. మొదట మొహాల్లోంచి కనుబొమలు పోయాయి. ఆపైన నవ్వులు పోయాయి. సంక్రాంతి వెళ్ళేసరికి తన్మయి నిలువుగా కదిలే పన్నెండు పదమూడు చుక్కలైంది. గడపలూ మెట్లూ మాత్రం ఎన్నడూ లేనంత కచ్చితంగా కనిపించసాగాయి. అంచు ఉంటే గీత. లేకపోతే నలుపు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వింధ్య కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని, ఐదేళ్ళ తన్మయిని తలుచుకుంది. గుండ్రటి మొహమని జ్ఞాపకం ఉంది. ముందుపన్ను లేదని జ్ఞాపకం ఉంది. పక్కింటివాళ్ళు ఫోనులో చెప్పిన ఆనవాళ్ళలా, అన్నీ మాటలుగా ఉన్నాయి. మొహం రాలేదు. ఆమె చాలాసేపు అలాగే కూచుంది. చీకటిపడ్డాక వేణుమాధవ్ వచ్చి ఏమైందని అడిగితే, “ఏం లేదు, టీ పెట్టుకుందాం” అని లేచింది. ఆ రోజు గోడ మీద చెయ్యి రాసుకుంటున్న చప్పుడు వినపడగానే, వింధ్య వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చింది.

తన్మయిని ఆటల గదికి పంపమని అడిగింది నఫీసాయే. అడగడానికి చాలా మొహమాటపడింది.

“రేపు తనకీ ఈ రేకే కావలసి వస్తుంది. ఇప్పటి పిల్లలకి పూడ్చుకోవడం రాదు వింధ్యగారూ. వాళ్ళ ఆటల్లో గుర్రం మెడ మీద చెమట కూడా కనిపిస్తుంది. ఊహించడానికేం మిగిల్చారు? చూపున్నప్పుడే, చిన్నతనంలోనే నేర్చుకోవాలి. కానీ మీకు జరిగింది చూశాక...”

వింధ్య వారం రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. తన్మయి ఆడేటప్పుడు పక్కన తనుంటుంది.

పాత ఆటలు వద్దని, ఇంజినీర్లు తన్మయికోసం కొత్తది రాశారు. మైదానం. దానికడ్డంగా ఒక మనిషి నడుస్తుంటాడు. పోనుపోను ఏవో అడ్డొస్తుంటాయి. తన్మయి మామూలు తెర మీద ఆడేది, తలకి తీగలు తగిలించుకుని. అదే ఆట వింధ్య రేకులోకీ వచ్చేది.

“ఇదేం ఆటమ్మా! ఇటుక మీద ఇటుక, పక్కనింకో ఇటుక” అంది తన్మయి మొదటిరోజే. “నీకేం కనిపించేది ఇలాంటివాటిల్లో?”

“చెప్పను.”

“అదేంటి?”

“చెప్తే నాది నీకంటుకుంటుంది. నీది రాదు.”

వారాలు గడిచాయి. తన్మయి ఫోను చూసుకుంటూ ఒంటిచేత్తో ఆడిన రోజులున్నాయి. రానని మొండికేసిన రోజులున్నాయి. కాలి మీద మచ్చ పాలిపోయింది. నఫీసా తన అద్దాల గదిలోంచి తన్మయి మెదడు ఫొటో చూస్తూ, రోజూ అదే చిన్న వెలుగు చూసి నిట్టూర్చేది.

మాఘమాసం ఆఖర్లో ఒకరోజు, ఆట మధ్యలో తన్మయి బటన్ నొక్కడం మానేసింది. తెర మీద మనిషి నిలబడిపోయాడు.

“ఏం, ఆపేశావే?” అంది వింధ్య.

“ఉండమ్మా. వీడికి చలేస్తోంది.”

అద్దాల అవతల నఫీసా చటుక్కున లేచి నిలబడింది.

వింధ్య తన ముందున్న చీకట్లోకి చూసింది. పన్నెండు చుక్కలు. కదలడం లేదు. ఎంత చూసినా పన్నెండు చుక్కలే. చలి లేదు, మనిషి లేడు. ఏదో అందుకోబోయి అందక ఆగినట్టు ఆమె లోపల ఒక్క క్షణం వెలితిగా అనిపించింది. ఆ వెంటనే కూతురి గొంతులోని ఆత్రం వినపడింది. “నడిపిస్తే బావుండదు. పాపం, కాసేపు ఇక్కడే కూచోనిద్దాం” అంటోంది. ఆ గొంతు బావుందనుకుంది వింధ్య.

“తనూ, ఏ చుక్క చూసి చలి అనుకున్నావో చూపించు” అంది.

తన్మయి తెర దగ్గరగా వంగి వెతికింది. “ఏ చుక్కా కాదు. నాకే అనిపించింది.”

“ఆ తేడా తెలుసుగా?”

“తెలుసమ్మా. వాడికి తెలియదు పాపం” అని నవ్వింది తన్మయి.

బయటికి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఆటో దొరికే చోటికి కొండదారిన కిందికి దిగాలి. తన్మయికి దారి చీకట్లో కలిసిపోయింది. అడగకుండానే తల్లి భుజం మీద చెయ్యి వేసింది. వింధ్య ముందు నడిచింది.

“మెట్టు. ఇంకొకటి. ఇక్కడ రాయుంది, ఎడమకి రా.”

చల్లటి గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది. మలుపు దగ్గర వింధ్య ఆగిపోయింది.

“ఏమైందమ్మా?”

“దారి మధ్యలో ఏదో ఉంది. ఎనిమిది తొమ్మిది చుక్కలు. చుట్టూ ఖాళీ.”

తన్మయి చీకట్లోకి మొహం చాపింది. ఏమీ కనపడలేదు గానీ మనసులో అప్పుడే ఏదో బొమ్మ కట్టేసుకుంది. “ఎవరో బరువు దింపుకుని కూచున్నారమ్మా. కట్టెలమోపు అనుకుంటా. పెద్దాయన. బాగా అలిసిపోయాడు.”

“కావచ్చు.”

“కాకపోవచ్చు కూడా” అంది తన్మయి. ఆ వెంటనే గొంతు పెంచి పిలిచింది. “ఎవరండీ అక్కడ?”

జవాబు లేదు. ఈసారి ఇద్దరూ కలిసి పిలిచారు.

చీకట్లో ఒక గేదె బుస్సుమని ముక్కు చీదింది. తర్వాత తీరుబడిగా లేచి, గిట్టలు టకటకలాడించుకుంటూ దారికడ్డం తొలగింది. తన్మయి నవ్వు ఆపుకోలేక తల్లి భుజం మీద వాలిపోయింది. వింధ్య గిట్టల చప్పుడు వింటూ, అది దూరంగా పోయేదాకా ఆగి, తర్వాతి మెట్టు కోసం చూసింది.